నెట్‌వర్క్ సందేహాలు: ఎంటర్ కొట్టకముందే ప్రాంప్ట్ చూడండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు రౌటర్ నల్ల తెర చుట్టూనే తిరిగాయి. బ్రౌజర్‌లో బటన్లు నొక్కి సెట్ చేసుకునే పేజీ గురించి కాదు, కమాండ్లు కొట్టే కమాండ్ లైన్ గురించి. అందుకని మిగతావన్నీ పక్కన పెట్టి ఈసారి వాటికే చోటిచ్చాను. ముందే ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, రౌటర్ మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఏ కంపెనీదో చెప్పని చోట సిస్కో ఐఓఎస్ (సిస్కో రౌటర్లలో నడిచే సాఫ్ట్‌వేర్) అనుకోండి, నేర్చుకునేవాళ్ల చేతికి ముందుగా వచ్చేది ఎక్కువగా అదే కాబట్టి. వేరేవాటిలో తేడా ఉన్నచోట చెబుతాను.

ప్ర: సార్, నెట్‌వర్కింగ్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు 'ఐపీ అడ్రస్' అని, దాని తర్వాత నంబర్లు కొడుతున్నా 'ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్' అంటోంది. స్పెల్లింగ్ మళ్లీ మళ్లీ చూసుకున్నా, తప్పు లేదు. రౌటరే పాడైందా?

జ: రౌటర్ బాగానే ఉంది. మీరే వేరే చోట నిలబడి కొడుతున్నారు. కమాండ్ లైన్‌లో ఏ కమాండైనా దానికి చెందిన మోడ్‌లో కొడితేనే పలుకుతుంది, మీరిప్పుడు ఏ మోడ్‌లో ఉన్నారో రౌటర్ ప్రతి లైను మొదట్లోనూ ప్రాంప్ట్ రూపంలో చెబుతూనే ఉంటుంది, మనమే దాన్ని చూడం. రౌటర్ పేరు తర్వాత > ఉంటే అది యూజర్ మోడ్, అక్కడ కొన్ని వివరాలు చూడటం తప్ప పెద్దగా ఏమీ చేయలేరు. 'ఎనేబుల్' కొడితే > కాస్తా # అవుతుంది, అప్పుడు అన్నీ చూడొచ్చు, కానీ ఇంకా ఏదీ మార్చలేరు. 'కాన్ఫిగర్ టెర్మినల్' కొట్టాక బ్రాకెట్లలో కాన్ఫిగ్ అని వస్తుంది, మొత్తం రౌటర్‌కి వర్తించే సెట్టింగులు అక్కడ ఇవ్వాలి. మీ ఐపీ అడ్రస్ మొత్తం రౌటర్‌ది కాదు కదా, ఒక్కో ఇంటర్‌ఫేస్‌ది. కాబట్టి 'ఇంటర్‌ఫేస్ గిగాబిట్ ఈథర్నెట్ 0/0' అని ముందు ఆ పోర్టులోకి దిగాలి. ప్రాంప్ట్‌లో కాన్ఫిగ్ పక్కన ఇఫ్ అని చేరుతుంది. ఇప్పుడు కొట్టండి, తీసుకుంటుంది.

ఇంకొకటి, ఆ ఎర్రర్‌ని తిట్టుకుని వదిలేయకండి. పైన మీరు కొట్టిన లైను కింద ^ గుర్తు ఒకటి పడుతుంది చూశారా, రౌటర్‌కి అర్థమవడం ఎక్కడ ఆగిపోయిందో అది చూపిస్తుంది. మొదటి మాట దగ్గరే పడితే మోడ్ తప్పు గానీ, స్పెల్లింగ్ తప్పు గానీ అయ్యుంటుంది. మధ్యలోనో చివర్లోనో పడితే అక్కడ ఇచ్చిన విలువ సంగతి చూసుకోవాలి. కాన్ఫిగ్ మోడ్‌లో 'ఐపీ'తో మొదలయ్యేవి బోలెడు ఉంటాయి కాబట్టి మీ విషయంలో ఆ గుర్తు 'ఐపీ' దాటాక ఎక్కడో పడి ఉంటుంది, అందుకే స్పెల్లింగ్ మీదకి అనుమానం పోయింది. 'ఇన్‌కంప్లీట్ కమాండ్' అంటే ఇంకా ఏదో ఇవ్వాల్సి ఉందని. 'ఆంబిగ్యువస్' అంటే మీరు కుదించి కొట్టిన మాట ఒకటి కంటే ఎక్కువ కమాండ్లకు సరిపోతోందని. ఉదాహరణకి # దగ్గర సి, ఓ, ఎన్ అనే 3 అక్షరాలు కొట్టి వదిలేస్తే కాన్ఫిగరా, కనెక్టా అన్నది దానికెలా తెలుస్తుంది? ఇంకో అక్షరం ఇస్తే గొడవ ఉండదు.

వీటన్నిటికీ మందు ప్రశ్న గుర్తే. అక్షరాలకు ఆనించి ? కొడితే ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలు చూపిస్తుంది, ఒక స్పేస్ ఇచ్చి ? కొడితే తర్వాత ఏం ఇవ్వాలో చూపిస్తుంది. ఇక ఇవ్వాల్సిందేమీ లేకపోతే సీఆర్ అని కనిపిస్తుంది, అంటే ఎంటర్ కొట్టొచ్చని. పుస్తకం పక్కన పెట్టి ఒక వారం ఈ ? తోనే పని చేసి చూడండి, కమాండ్లు బట్టీ పట్టాల్సిన అవసరం చాలావరకు పోతుంది.

నిజానికి తప్పు మోడ్‌లో ఎర్రర్ రావడం మీ అదృష్టం. ఐఓఎస్ ప్రాంప్ట్ మీరు ఏదో ఒక ఇంటర్‌ఫేస్‌లో ఉన్నారని మాత్రమే చెబుతుంది, ఏ ఇంటర్‌ఫేస్‌లోనో చెప్పదు. 0/1 లో ఉన్నాననుకుని 0/0 లో 'షట్‌డౌన్' కొడితే ఎర్రర్ ఏమీ రాదు, చెప్పింది చెప్పినట్టు మూసేస్తుంది. కాఫీకి లేచి వచ్చి మళ్లీ కూర్చుంటే 'ఇంటర్‌ఫేస్' లైను ఇంకోసారి కొట్టుకోండి, నష్టమేమీ లేదు.

ప్ర: # దగ్గర ఏదైనా మాట తప్పు కొడితే చాలు, 'ట్రాన్స్‌లేటింగ్' అని వచ్చి చాలాసేపు బిగుసుకుపోతోంది. కీబోర్డు పనిచేయదు. ఇదేం జబ్బు?

జ: జబ్బు కాదు, అతి తెలివి. మీరు కొట్టిన మాట కమాండ్ కాకపోతే అది ఏదో కంప్యూటర్ పేరనీ, దానిలోకి టెల్నెట్ చేయమంటున్నారనీ, అంటే నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అవమంటున్నారనీ అనుకుంటుంది. ఆ పేరుకి ఐపీ అడ్రస్ ఏమిటో డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ ఏదీ సెట్ చేసి లేకపోతే 255.255.255.255 కి, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ కేకేసి జవాబు కోసం కూర్చుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే వదిలేస్తుంది. శాశ్వతంగా పోవాలంటే కాన్ఫిగ్ మోడ్‌లో 'నో ఐపీ డొమైన్-లుకప్'. ల్యాబ్‌లో అయితే కళ్లు మూసుకుని అది పెట్టేయండి. నిజమైన నెట్‌వర్క్‌లో పేర్లతో పని ఉంటే మాత్రం దాన్ని ముట్టుకోకుండా కన్సోల్ (రౌటర్‌కి నేరుగా కేబుల్ తగిలించి వచ్చే దారి), వీటీవై (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే దారి) లైన్లలో 'ట్రాన్స్‌పోర్ట్ ప్రిఫర్డ్ నన్' పెట్టండి, అప్పుడు తప్పు మాటని కంప్యూటర్ పేరనుకోవడం మానేస్తుంది, డీఎన్ఎస్ పని డీఎన్ఎస్ చేసుకుంటుంది. పనిలో పని, కన్సోల్ లైన్‌లో 'లాగింగ్ సింక్రనస్' కూడా ఇచ్చుకోండి. మీరు కమాండ్ సగం కొడుతుండగా మధ్యలో మెసేజ్ వచ్చి పడితే, మీరు కొట్టినంతవరకు మళ్లీ కొత్త లైన్లో చూపిస్తుంది.

ప్ర: పోర్టుకి 192.168.1.0, మాస్క్ 255.255.255.0 ఇస్తే 'బ్యాడ్ మాస్క్' అంది. మాస్క్ బదులు /24 అని ఇచ్చాను, అదీ తీసుకోలేదు. చివరికి 192.168.1.1 అని మాస్క్‌తో ఇస్తే ఒప్పుకుంది గానీ పోర్టు లేవలేదు, ఎదురుగా ఏమీ పింగ్ కావడం లేదు.

జ: ఒక్క పోర్టుతో ఇన్ని పాఠాలు అయిపోయాయి, మంచిదే. మాస్క్ అంటే అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతవరకో చెప్పేది. ఎర్రర్‌లో బ్యాడ్ మాస్క్ అని ఉన్నా మీ మాస్క్‌లో తప్పు లేదు, తప్పంతా అడ్రస్‌లో ఉంది. 255.255.255.0 మాస్క్‌కి 192.168.1.0 అనేది నెట్‌వర్క్ మొత్తానికి పేరు, దాన్ని ఏ ఒక్క పోర్టుకీ ఇవ్వడం కుదరదు. 192.168.1.255 బ్రాడ్‌కాస్ట్, అంటే అందరినీ ఒకేసారి పిలిచే అడ్రస్, అదీ కుదరదు. మధ్యలో ఉన్న 254 లో ఏదైనా ఇవ్వొచ్చు.

/24 అన్నా 255.255.255.0 అన్నా ఒకటే మాస్క్, కానీ అలా కుదించి రాయొచ్చా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఐఓఎస్ మాస్క్‌ని చుక్కల నంబర్లలోనే అడుగుతుంది. అదే సిస్కో వాళ్ల డేటా సెంటర్ స్విచ్‌లలో ఉండే ఎన్ఎక్స్-ఓఎస్ /24 తీసుకుంటుంది. జూనిపర్ జూనోస్, మైక్రోటిక్ రౌటర్ఓఎస్ రెండూ అడ్రస్ పక్కనే /24 రాయమంటాయి. వీటిలో ఒక తిరకాసు ఉంది: /24 మరిచిపోయి ఉత్త అడ్రస్ ఇచ్చారనుకోండి, ఎర్రర్ రాదు, నిశ్శబ్దంగా /32 అని తీసుకుంటాయి, అంటే ఆ నెట్‌వర్క్‌లో తానొక్కటే ఉన్నట్టు. అడ్రస్ సరిగ్గానే కనిపిస్తుంది, పక్కనున్న మెషీన్ మాత్రం పింగ్ కాదు. ఇలాంటప్పుడు అడ్రస్ వెనకున్న నంబరు చూడకుండా కేబుళ్లు మార్చే వాళ్లే ఎక్కువ.

ఇక పోర్టు లేవకపోవడం. సిస్కో రౌటర్లలో పోర్టులు మామూలుగా మూసే ఉంటాయి, 'నో షట్‌డౌన్' అని మనమే తెరవాలి. స్విచ్ పోర్టులు తెరిచే వస్తాయి కాబట్టి స్విచ్‌లతో అలవాటు పడ్డవాళ్లకి ఇది తట్టదు. తెరిచాక 'షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్' కొట్టి చివరి రెండు కాలమ్‌లు చూడండి. 'అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్' అంటే ఇంకా మూసే ఉంది, నో షట్‌డౌన్ పడలేదు. రెండూ ఉత్త 'డౌన్' అంటే కేబుల్ గానీ, అవతలి పక్క గానీ చూసుకోవాలి. మొదటిది 'అప్', రెండోది 'డౌన్' అయితే తీగ బాగానే ఉంది, రెండు వైపులా మాట్లాడే పద్ధతి కలవలేదు. సీరియల్ లింకుల్లో ఒకవైపు పీపీపీ, ఇంకోవైపు హెచ్‌డీఎల్‌సీ ఉన్నప్పుడు ఇలా కనిపిస్తుంది.

మాస్క్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పేస్తాను. యాక్సెస్ లిస్టుల్లో (ఏ ట్రాఫిక్‌ని వదలాలో, ఏది ఆపాలో చెప్పే జాబితాల్లో) మాస్క్ తిరగేసి ఇవ్వాలి, 255.255.255.0 బదులు 0.0.0.255. దీన్ని వైల్డ్‌కార్డ్ అంటారు, 0 ఉన్నచోట కచ్చితంగా సరిపోవాలి, 255 ఉన్నచోట ఏదైనా ఫర్వాలేదు అని. అలవాటుకొద్దీ 192.168.1.0 255.255.255.0 అని ఇస్తే ఐఓఎస్ అడ్డు చెప్పదు, తీసుకుంటుంది, కానీ అప్పుడు దానర్థం 'చివరి చుక్క తర్వాత 0 ఉన్న అడ్రస్ ఏదైనా' అని! 'షో యాక్సెస్-లిస్ట్స్'లో మీ 192.168.1.0 బదులు 0.0.0.0 కనిపిస్తే జరిగింది ఇదే.

ప్ర: ట్రంక్ పోర్టులో (చాలా వీల్యాన్‌లను ఒకే కేబుల్ మీద మోసే పోర్టు) 10, 20 వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడగొట్టుకున్న నెట్‌వర్క్‌లు) ఉన్నాయి. కొత్తగా 30 కావాలన్నారని 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 30' కొట్టాను. అంతే, 10, 20 రెండూ పోయి ఆఫీసంతా గగ్గోలు. అసలు కొత్త విలువ ఇస్తే పాతది పోతుందా, ఉంటుందా? ముందే తెలుసుకునేదెలా?

జ: మీరు ఒంటరివారు కాదు, ఈ ఒక్క లైను పడుకోబెట్టిన ఆఫీసులకి లెక్క లేదు. కావాల్సింది 'అలౌడ్ వీల్యాన్ యాడ్ 30'. యాడ్ లేకపోతే ఉన్న జాబితా మొత్తం తుడిచేసి 30 ఒక్కటే ఉంచుతుంది.

ప్రశ్న మాత్రం చాలా మంచిది. రౌటర్ పేరు, పోర్టు వివరణ, పోర్టు ప్రధాన ఐపీ అడ్రస్ లాంటివి ఒక్కటే ఉండగలవు, కొత్తది ఇస్తే పాతది మారుమాట్లాడకుండా పోతుంది. పాత ఐపీ కూడా ఉండాలంటే కొత్తదాని చివర 'సెకండరీ' అని చేర్చాలి. 'ఐపీ రూట్' (ట్రాఫిక్ ఎటు వెళ్లాలో చెప్పేది), 'ఎన్‌టీపీ సర్వర్' (టైమ్ ఎవరిని అడగాలో చెప్పేది), యాక్సెస్ లిస్ట్ లైన్లు వేరే రకం. ఎన్ని కొడితే అన్నీ చేరుతూ పోతాయి, పాతవి మనమే 'నో' పెట్టి తీసేయాలి. జనం తెలియకుండా దెబ్బతినేది ఎక్కువ ఈ రెండో రకంలోనే. డిఫాల్ట్ రూట్‌కి (వేరే దారి తెలియని ట్రాఫిక్ అంతా వెళ్లే దారికి) గేట్‌వే, అంటే అవతలి రౌటర్, మారిందని కొత్త లైను కొడతారు, పాతది పోయిందనుకుంటారు. అది పోదు. రెండూ సమానంగా పనిచేస్తూ ట్రాఫిక్‌ని పంచుకుంటాయి, పాత గేట్‌వే వైపు పోర్టు ఇంకా అప్‌లోనే ఉంటే అటు వెళ్లిందంతా గంగలో కలుస్తుంది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు, అందరూ డీఎన్ఎస్‌ని అనుమానిస్తారు. ఇక మీ ట్రంక్ కమాండ్ చూడ్డానికి జాబితాలా ఉండి, నడవడిక మాత్రం మొదటి రకం.

'నో' కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 101 నంబరు యాక్సెస్ లిస్టులో ఒక్క లైను తీసేద్దామని ఆ లైను ముందు 'నో' పెట్టి కాన్ఫిగ్ మోడ్‌లో కొడితే ఐఓఎస్ లిస్ట్ మొత్తం తీసేస్తుంది. ఒక్క లైనే పోవాలంటే 'ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ 101' అని లోపలికి వెళ్లి, 'షో యాక్సెస్-లిస్ట్స్'లో ఆ లైను పక్కన కనిపించే వరస నంబరు చూసి 'నో 20' అని కొట్టాలి. వరస నంబర్లు 10, 20, 30 అని పదేసి వదిలి వస్తాయి, మధ్యలో ఏదైనా దూర్చాలంటే 15 అని ఇచ్చుకోవచ్చు.

తెలుసుకునేదెలా అంటారా, మార్చేముందు ఉన్నదాన్ని చూడటమే. 'షో రన్నింగ్-కాన్ఫిగ్ ఇంటర్‌ఫేస్' అని ఆ పోర్టు పేరు కొడితే అంతవరకే చూపిస్తుంది. కాన్ఫిగ్ మోడ్ నుంచి బయటికి రావడం బద్ధకమైతే ముందు 'డూ' చేర్చండి. ఆ పాత లైన్లు కాపీ చేసి ఒక నోట్‌ప్యాడ్‌లో పడేసుకోండి, వెనక్కి పోవాల్సి వస్తే వెతుక్కోనక్కర్లేదు.

ప్ర: అన్నా, దూరంగా ఉన్న బ్రాంచి రౌటర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (టెల్నెట్ లాంటిదే, కాకపోతే ఎన్‌క్రిప్ట్ అయ్యేది) వెళ్లి, పోర్టుకి ముందే తగిలించి ఉన్న యాక్సెస్ లిస్టులోకి కొత్త లైన్లు పేస్ట్ చేశాను. మొదటి లైను పడిందో లేదో సెషన్ ఆగిపోయింది. లిస్టులో నా అడ్రస్‌ని అనుమతించే లైను ఉంది, కాకపోతే నాలుగోది. అక్కడికి మనిషిని పంపాల్సి వచ్చింది. ఇంకోసారి ఇలా జరగకుండా ఏం చేయాలి?

జ: తమ్ముడూ, ఇది కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే, ఎలా జరిగిందో ముందు తెలియాలి. పోర్టుకి తగిలించిన లిస్ట్ అసలు లేకపోతే, లేదా ఖాళీగా ఉంటే ఐఓఎస్ అన్నిటినీ వదిలేస్తుంది. అందులో ఒక్క లైను పడగానే అది నిజమైన లిస్ట్ అయిపోతుంది, నిజమైన ప్రతి లిస్టుకీ చివర కనిపించని 'మిగతావన్నీ ఆపు' ఉంటుంది. నీ మొదటి లైను ఇంకెవరినో అనుమతించింది, మిగతావాళ్లలో నువ్వు కూడా ఉన్నావు. నీ నాలుగో లైను రౌటర్‌కి చేరే దారి అప్పటికే మూసుకుపోయింది.

కాబట్టి లిస్ట్ ముందు పూర్తిగా రాయి, పోర్టుకి తగిలించే 'ఐపీ యాక్సెస్-గ్రూప్' లైను ఆఖర్న కొట్టు. ఇప్పటికే వాడుకలో ఉన్న లిస్టుని మార్చాలంటే దాన్ని తీసేసి మార్చి మళ్లీ తగిలించమని కొందరు చెబుతారు, ఆ కాసేపు రక్షణ లేకుండా ఉండటం నాకు నచ్చదు. ఇంకో పేరుతో కొత్త లిస్ట్ రాసుకుని, యాక్సెస్-గ్రూప్ లైను కొత్త పేరుతో ఒక్కసారి కొడితే పాతదాని స్థానంలో కొత్తది కూర్చుంటుంది. రూట్లు మార్చేటప్పుడూ అంతే, ముందు పాతది తీసి తర్వాత కొత్తది ఇద్దామనుకుంటే ఆ రెండో లైను కొట్టే అవకాశం నీకు రాదు. నువ్వు ఏ ఐపీ మీదుగా లోపలికి వచ్చావో ఆ ఐపీ మార్చేటప్పుడు సెషన్ ఎలాగూ పోతుంది, అది ముందే తెలిసి కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికి రాగలవా లేదా అని లెక్క వేసుకోవాలి.

లెక్క తప్పినా బయటపడే దారి ఒకటి ఉంది, దూరపు రౌటర్‌ని ముట్టుకునే ప్రతివాళ్లూ దాన్ని అలవాటు చేసుకోవాలి. ఏదీ మార్చకముందే, బాగా నడుస్తున్న కాన్ఫిగ్‌ని సేవ్ చేసి, 'రీలోడ్ ఇన్ 10' కొట్టు. 10 నిమిషాల తర్వాత రౌటర్ తనంతట తాను రీబూట్ అవుతుంది, సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. ఇప్పుడు నీ మార్పులు చేయి. అన్నీ బాగుంటే 'రీలోడ్ క్యాన్సల్' కొట్టి, ఆ తర్వాత సేవ్ చేయి. తలుపు మూసుకుపోయిందా, 10 నిమిషాలు ఓపిక పడితే అదే తెరుచుకుంటుంది. రెండు జాగ్రత్తలు: మార్పులు చేశాక ఈ కమాండ్ కొడితే 'సేవ్ చేయనా' అని అడుగుతుంది, అవునన్నావంటే ఆ చెడ్డ కాన్ఫిగ్‌తోనే లేస్తుంది. రెండోది, అంతా బాగుందన్న సంతోషంలో క్యాన్సల్ మరిచిపోతే పట్టపగలు ఆఫీసు నడుస్తుండగా రీబూట్ అవుతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకో.

జూనోస్ వాళ్లకి ఇంత తిప్పలు లేదు. అక్కడ కొట్టిన లైన్లు వెంటనే అమలు కావు, క్యాండిడేట్ అనే చిత్తుప్రతిలో ఉంటాయి. 'షో | కంపేర్' అంటే ఏం మారబోతోందో చూపిస్తుంది, 'కమిట్ చెక్' అంటే తప్పులున్నాయేమో చూస్తుంది, 'కమిట్ కన్ఫర్మ్డ్' అంటే అమలు చేసి, 10 నిమిషాల్లో మళ్లీ 'కమిట్' అనకపోతే రీబూట్ లేకుండానే పాతదానికి వెళ్లిపోతుంది. నన్నడిగితే ఇలాగే ఉండాలి. సిస్కో కూడా ఐఓఎస్ ఎక్స్ఆర్‌లో కమిట్ పద్ధతికే వచ్చింది. మైక్రోటిక్‌లో కంట్రోల్, ఎక్స్ నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది, అందులో ఉండగా సెషన్ తెగిపోతే అప్పటిదాకా చేసిన మార్పులు వెనక్కి పోతాయి.

ప్ర: కరెంటు పోయి వచ్చాక రౌటర్ సెట్టింగులన్నీ మాయం. నిన్నటిదాకా బాగా పనిచేసింది. మెమరీ పాడైందంటారా?

జ: సేవ్ చేయలేదంటాను. ఐఓఎస్‌లో ఎంటర్ కొట్టిన క్షణం నుంచే కమాండ్ అమలవుతుంది, కానీ అది ఉండేది ర్యామ్‌లోని (కరెంటు పోతే చెరిగిపోయే మెమరీ) రన్నింగ్-కాన్ఫిగ్‌లో. రీబూట్ అయితే ఎన్‌వీర్యామ్‌లోని (కరెంటు పోయినా చెరగని మెమరీ) స్టార్టప్-కాన్ఫిగ్‌ని చదువుకుని లేస్తుంది. మొదటిదాన్ని రెండోదానిలోకి ఎక్కించడం మన పని: 'కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్', లేదా పాతకాలం వాళ్ల 'రైట్ మెమరీ'. హువావేలో 'సేవ్', వయోస్‌లో 'కమిట్' తర్వాత మళ్లీ 'సేవ్'. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో 'యూసీఐ సెట్' అని ఎన్ని కొట్టినా 'యూసీఐ కమిట్' అనేదాకా ఫైల్లోకి ఎక్కవు, ఎక్కాక కూడా సంబంధిత సర్వీసుని రీలోడ్ చేస్తేనే అమలవుతాయి. మైక్రోటిక్ మాత్రం కొట్టగానే అమలు చేసి తానే సేవ్ చేసుకుంటుంది, అంటే తప్పు చేసినా అదీ సేవ్ అయిపోతుంది.

ప్ర: పాత రౌటర్‌లో 'షో రన్' కొట్టి వచ్చిందంతా కాపీ చేసి కొత్తదానిలో పేస్ట్ చేశాను. ఎర్రర్లు పెద్దగా రాలేదు. కానీ పోర్టులన్నీ మూసే ఉన్నాయి, కొన్ని లైన్లు సగం సగం పడ్డాయి, ఎస్ఎస్‌హెచ్ కూడా రావడం లేదు.

జ: మూడు గొడవలకీ మూడు కారణాలు. షో రన్‌లో మామూలు విలువలు కనిపించవు, మార్చినవే కనిపిస్తాయి. పోర్టు మూసి ఉంటే 'షట్‌డౌన్' అని చూపిస్తుంది, తెరిచి ఉంటే ఏమీ చూపించదు, అంటే మీరు కాపీ చేసినదాంట్లో 'నో షట్‌డౌన్' అనే మాటే లేదు. కొత్త రౌటర్‌లో పోర్టులు మూసి ఉన్నాయి, వాటిని తెరవమని ఎవరూ చెప్పలేదు. పేస్ట్ చేసేముందు ఆ ఫైల్లో, కావాల్సిన ప్రతి ఇంటర్‌ఫేస్ కిందా ఆ లైను చేత్తో చేర్చుకోవాలి. కనిపించనివి కూడా చూడాలంటే 'షో రన్నింగ్-కాన్ఫిగ్ ఆల్' ఉంది, చాంతాడంత వస్తుంది.

లైన్లు సగం పడటం కన్సోల్ కేబుల్ పుణ్యం. సిస్కో కన్సోల్ మామూలుగా 9600 బాడ్, అంటే సెకనుకి వెయ్యి అక్షరాల లోపే, పైగా ఒక్కో కమాండ్ అమలు చేయడానికి రౌటర్‌కి కాస్త టైమ్ పడుతుంది, మీరేమో వందల లైన్లు ఒక్కసారి కుమ్మరించారు. మీ టెర్మినల్ ప్రోగ్రామ్‌లో లైన్‌కీ లైన్‌కీ మధ్య కొంత ఆలస్యం పెట్టుకునే సెట్టింగ్ ఉందేమో చూసి పెట్టుకోండి, లేదా కొద్దికొద్దిగా పేస్ట్ చేయండి. కాపీ చేసే ముందు పాత రౌటర్‌లో 'టెర్మినల్ లెంగ్త్ 0' కొట్టకపోతే మధ్యమధ్యలో 'మోర్' అనే మాట కూడా మీ ఫైల్లోకి వచ్చి ఉంటుంది, అదీ చూసుకోండి.

ఎస్ఎస్‌హెచ్ తాళాలు కాన్ఫిగ్ ఫైల్లో ఉండవు. కొత్త రౌటర్‌లో విడిగా 'క్రిప్టో కీ జనరేట్ ఆర్‌ఎస్‌ఏ' కొట్టి తయారు చేసుకోవాలి, సైజు 2048 ఇవ్వండి. దానికంటే ముందు హోస్ట్‌నేమ్, 'ఐపీ డొమైన్-నేమ్' రెండూ పెట్టి ఉండాలి, లేకపోతే ముందు అవి ఇమ్మంటుంది.

ఇంకొకటి, పేస్ట్ చేయడం అంటే పాతదాన్ని తుడిచి కొత్తది రాయడం కాదు, ఉన్నదాని మీద కలపడం. ఫైల్ సర్వర్ నుంచి రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేసినా అంతే. ఆ రౌటర్‌లో ముందే ఏవైనా రూట్లో లిస్టులో ఉంటే అవీ అలాగే ఉంటాయి. పూర్తిగా మార్చాలంటే 'కాన్ఫిగర్ రీప్లేస్' అని వేరే కమాండ్ ఉంది.

ప్ర: పోర్టులో 'బ్యాండ్‌విడ్త్ 100000' అని పెట్టాను, స్పీడ్ పిసరంత కూడా పెరగలేదు. 1000000 పెట్టినా అంతే.

జ: ఇంకో సున్నా చేర్చినా పెరగదు. ఆ కమాండ్ పోర్టు వేగాన్ని మార్చదు, 'ఈ పోర్టు వేగం ఇంత' అని రౌటింగ్ ప్రోటోకాల్స్‌కి (రౌటర్లు దారులు ఎంచుకునే పద్ధతులకి) చెబుతుందంతే. ఓఎస్‌పీఎఫ్ దాన్నిబట్టి కాస్ట్ (తక్కువ ఉన్న దారినే ఎంచుకుంటుంది) కడుతుంది, ఈఐజీఆర్‌పీ మెట్రిక్ కడుతుంది, 'షో ఇంటర్‌ఫేస్'లో లోడ్ లెక్క వేస్తారు. ఇష్టమొచ్చిన అంకె వేస్తే ట్రాఫిక్ దారులు మారిపోతాయి, కాబట్టి ముందు 'నో బ్యాండ్‌విడ్త్' కొట్టి దాన్ని మామూలుకి తెచ్చేయండి.

నిజమైన వేగానికి 'స్పీడ్', 'డూప్లెక్స్' (రెండు వైపులా ఒకేసారి పంపితే ఫుల్, ఒకరి తర్వాత ఒకరైతే హాఫ్) వేరే ఉన్నాయి. అవి రెండు వైపులా ఆటో మీద వదిలేయడం మేలు. ఒకవైపు 100 ఫుల్ అని బిగించి, అవతలివైపు ఆటో వదిలితే, అవతలిది వేగం కనుక్కుంటుంది గానీ డూప్లెక్స్ కనుక్కోలేక హాఫ్‌కి పడిపోతుంది. లింక్ అప్‌లోనే ఉంటుంది, పింగ్ అవుతుంది, కాస్త బరువు పడగానే నత్తనడక. మీ స్పీడ్ బాధ ఇదేనేమో రెండు వైపులా చూడండి.

యూనిట్లు కూడా గమనించండి, ఎందుకంటే ప్రతి కమాండ్‌కీ ఒక్కో కొలత. బ్యాండ్‌విడ్త్ కిలోబిట్లలో, సీరియల్ పోర్టు 'క్లాక్ రేట్' బిట్లలో, ఓఎస్‌పీఎఫ్ 'ఆటో-కాస్ట్ రిఫరెన్స్-బ్యాండ్‌విడ్త్' మెగాబిట్లలో. ఆ చివరిదాని మామూలు విలువ 100, అందువల్ల 100 మెగాబిట్ల పోర్టుకీ, గిగాబిట్ పోర్టుకీ, 10 గిగాబిట్ల పోర్టుకీ కాస్ట్ 1 అనే వస్తుంది. వేగమైన దారిని ఓఎస్‌పీఎఫ్ గుర్తించాలంటే దాన్ని పెంచాలి, పెంచితే అన్ని రౌటర్లలోనూ ఒకే విలువ పెట్టాలి. ఏ కమాండ్ ఏ కొలత అడుగుతోందో స్పేస్ ఇచ్చి ? కొడితే అక్కడే రాసి ఉంటుంది.

ప్ర: పాస్‌వర్డ్ పెట్టాను, అదే పాస్‌వర్డ్ కొడితే తప్పంటోంది. ఇంకో రౌటర్‌లోనేమో టెల్నెట్ చేస్తే 'పాస్‌వర్డ్ రిక్వైర్డ్, బట్ నన్ సెట్' అని బయటికి తోసేస్తోంది.

జ: మొదటిది ఎక్కువగా కాపీ-పేస్ట్ వ్యవహారం. చివర స్పేస్ వచ్చి ఉంటే అదీ పాస్‌వర్డ్‌లో భాగమే అయిపోతుంది. పాస్‌వర్డ్‌లో ? ఉన్నా ఇంతే, అది కొట్టగానే రౌటర్ హెల్ప్ అడిగారనుకుంటుంది. నిజంగా ? కావాలంటే దానికి ముందు కంట్రోల్, వీ నొక్కాలి. నా సలహా, ఆ గుర్తుని పాస్‌వర్డ్‌లో వాడొద్దు. ఎనేబుల్‌కి 'పాస్‌వర్డ్' కాకుండా 'సీక్రెట్' వాడండి. 'సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్' పెట్టాం కదా అని ధీమాగా ఉండొద్దు, అది దాచే టైప్ 7 రూపాన్ని క్షణంలో వెనక్కి విప్పేయొచ్చు.

రెండోదానిలో వీటీవై లైన్లకి 'లాగిన్' ఉంది, పాస్‌వర్డ్ లేదు. 'యూజర్‌నేమ్'తో ఒక ఖాతా తెరిచి, సీక్రెట్ ఇచ్చి, లైన్లలో 'లాగిన్ లోకల్', 'ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్' పెట్టండి, టెల్నెట్‌కి సెలవిచ్చేయండి. 'లైన్ వీటీవై 0 4' అంటే మొదటి 5 లైన్లే, చాలా పరికరాల్లో 5 నుంచి 15 దాకా ఇంకా ఉంటాయి, వాటికీ ఇవే ఇవ్వాలి. అయ్యాక ఇప్పుడున్న సెషన్ మూయకుండా ఇంకో విండోలోంచి లాగిన్ అయి చూసుకుని, లోపలికి వెళ్లగలిగితేనే సేవ్ చేయండి.